గెట్టు నక్షలో సముద్రం

నేను కోడలిగా బాన్సువాడ వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో బంగారం ఏ బీరువాలో ఉందో పనిమనిషికి కూడా తెలుసు. పొలం నక్ష ఎక్కడుందో మాత్రం మా మామకు తప్ప ఎవరికీ తెలియదు. "మా దగ్గర నక్ష ఉన్నది" అని ఆయన ఒక్క మాట అంటే చాలు, మా పొలం గెట్టు, అదే హద్దు గట్టు, జరుపుదామని చూసేవాళ్లు ఆ ఆలోచన మానుకుని చాయ్ తాగి వెళ్లిపోయేవారు. అందులో ఏముందని అడిగినవాళ్లు లేరు. అడిగితే చూపించాల్సి వస్తుందని మామకు భయం, చూస్తే ఒప్పుకోవాల్సి వస్తుందని వాళ్లకు భయం.

అది తొంభైల మొదలు. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. గోడకు ప్రపంచ పటం తగిలించి, కర్రతో ఖండాలు చూపించి జీతం తీసుకునేదాన్ని. ఊళ్లో మాత్రం నక్ష అంటే పొలానిదే. ప్రపంచానికి కూడా ఒక నక్ష ఉంటుందంటే, దాని గెట్టు పంచాయితీ ఎవరితో అని అడిగే మనుషులు మావాళ్లు. వాళ్ల మధ్య నా డిగ్రీకి ఉన్న విలువ ఎంతో నాకు మొదటి ఏడాదే అర్థమైంది.

ఆ నక్ష ఇంటికొచ్చిన కథ మామ చెప్పగా విన్నదే. మంజీర మీద నిజాంసాగర్ డ్యాం కట్టేటప్పుడు మామ తండ్రి ఒక ఇంజనీరు దొర డేరాల దగ్గర కాపలా ఉన్నాడట. పని అయిపోయి తన దేశం వెళ్లిపోతూ దొర ఆయన భుజం తట్టి, రేకు గొట్టంలో చుట్టిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడట. కాలువలు తవ్వించిన దొర పోతూ పోతూ కాలువ కింది పొలాల నక్ష కాక ఇంకేమిస్తాడు? ఈ లెక్కలో తప్పు పట్టడానికి రెండు తరాలుగా ఇంట్లో ఎవరికీ మనసొప్పలేదు.

గొట్టం మూత తియ్యాల్సిన అవసరం మా అత్త పోయాక వచ్చింది.

మా పొలం కోటగిరి రోడ్డు మీద, కాలువ దాటాక లోపలికి ఉంటుంది. అత్త బతికినన్నాళ్లూ నాట్లప్పుడు, కోతలప్పుడు కూలీలతో పాటు ఆ పొలం మూలనే కూర్చుని సద్ది తినేది. ఆమెను దహనం చేసింది కూడా ఆ మూలనే. మామ అక్కడ చిన్న గద్దె కట్టించి, సున్నం వేయించి, పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు అన్నం, కూర తీసుకెళ్లి పెట్టేవాడు. మామూలు రోజుల్లో కూడా వెళ్లి కూర్చునేవాడు. ఏం చేస్తారు మామా అక్కడ అని అడిగితే "ఏం జేస్త, ముచ్చట చెప్త" అనేవాడు. ఇంట్లో ఆమె బతికుండగా ఆయన ఆమెతో పది మాటలు కలిపి మాట్లాడగా నేను చూడలేదు.

ఆ మూలకు పోయే బండ్ల బాట పక్క పొలం అంచు మీది నుంచి పోతుంది. ఆ పొలాన్ని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒకాయన కొన్నాడు. మా వైపు అలా వచ్చినవాళ్లు ఇళ్లు కట్టుకున్న చోటును క్యాంపు అంటారు, అందుకని ఊరంతా ఆయన్ని క్యాంపాయన అనేవారు. వచ్చి ఇరవై ఏళ్లయినా డేరా వేసుకుని నిన్ననే దిగినట్టే పిలుపు. ఆయన పొలం చదును చేయించాడు, చేయిస్తూ చేయిస్తూ బాటను కూడా దున్నించి నాటు వేయించాడు. అదేందని మామ అడిగితే, "నా కాగితాల్లో దారి లేదండీ" అన్నాడు, చాలా మర్యాదగా.

మామకు మోకాళ్ల నొప్పులు. కాలువ కట్ట మీద చుట్టూ తిరిగి, జారుతూ పడుతూ గద్దె దగ్గరికి పోవాల్సి వచ్చింది. ఒకరోజు బురదతో ఇంటికొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా నా భర్తను పిలిచి చెప్పాడు.

"ఇగ ఇనురా. నేను పోయినంక నన్ను గా బాట మీదికెల్లే తీస్కపోవాలె. మీ అమ్మను పట్టుకపోయిన బాట గది. దొంగ లెక్క కాలువ కట్ట మీదికెల్లి నేను పోను."

మా ఇంటాయన "గట్లనే" అన్నాడు. ఆయన దేనికైనా గట్లనే అంటాడు. బాట తెరిపించే పని మాత్రం నక్ష మీద పడింది.

మామ ఆ సాయంత్రం ధాన్యం గది అటక మీది నుంచి గొట్టం దింపాడు. పంచాయితీకి పోయేముందు ఎందుకైనా మంచిది, చదువుకున్న కోడలు ఒకసారి చూస్తే తప్పేముందని నన్ను పిలిచాడు. మంచం మీద దుప్పటి పరిచి, దాని మీద కాగితం విప్పాం. నేను చూశాను. మళ్లీ చూశాను. అంత అందమైన నక్షను నేను అప్పటిదాకా చూడలేదు. సన్నటి నల్ల గీతల మీద ఎవరో ఓపికగా కుంచెతో రంగులు వేశారు. ఒకవైపు గులాబి, ఒకవైపు ఆకుపచ్చ, రెండింటి మధ్యా మెలికలు తిరుగుతూ పసుపు పట్టీ. చీమ తలంత చెట్లు, ఎర్ర కప్పుల ఊళ్లు, ఊరికో గోపురం. పైన ఎడమ పక్కన సముద్రం, సముద్రంలో తెరచాపలెత్తిన ఓడ, ఓడను మింగేటట్టున్న చేప. అక్షరాలు లాటిన్. నాకు లాటిన్ రాదు గానీ, ఫ్లాండర్స్ అన్న పేరును పోల్చుకునేంత చదువు ఉంది.

"మామా, ఇది మన దేశంది కాదు. యూరప్‌లో, బెల్జియం వైపుది" అన్నాను.

మామ నా వైపు జాలిగా చూశాడు. "నువ్వు బడిల చెప్పే నక్షలు వేరు బిడ్డా. గిది పొలాల నక్ష. రంగులు చూడు."

"అక్షరాలు చూడండి."

"మనకు తెల్వని భాషల ఉన్నదంటేనే గది సర్కారు కాగితం. నా చిన్నప్పుడు సర్కారు కాగితం ఉర్దూల ఉండె, మా నాయినకు రాకపాయె. తర్వాత ఇంగ్లీషుల అచ్చె, నాకు రాకపాయె. తెల్సిన భాషల రాస్తే సర్కారని ఎట్ల నమ్ముతం?"

ఒళ్లు మండి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ రోజు పప్పులో ఉప్పు ఎక్కువైంది.

పంచాయితీ రైసుమిల్లు ఆఫీసు గదిలో జరిగింది. పెద్దమనిషి ఆ మిల్లు ఓనరే. అక్షరాలు చదవడానికి అక్కరకొస్తానని నన్నూ రమ్మన్నారు, గడప దగ్గర కుర్చీ వేశారు. బల్ల మీద నక్ష పరిచి, నాలుగు మూలలా తూకం రాళ్లు పెట్టారు. అందరూ వంగి చూశారు. చూసిన ప్రతివాడూ పక్కవాడికి అర్థమైందనుకుని, తనకు కాలేదని తెలిస్తే పరువు పోతుందని గంభీరంగా తలాడించాడు.

ముందు ధైర్యం చేసింది మిల్లు ఓనరే. ఒక గోపురాల గుంపు మీద వేలు పెట్టి, "గిది బాన్సువాడ" అన్నాడు. ఇంకేముంది, పక్కనే ఉన్నది కోటగిరి అయింది. కిందున్న చిన్నది పిట్లం అయింది. నది ఎలాగూ మంజీర. మా పుట్టిల్లు పిట్లమే, దాన్ని గుర్రబ్బండి బొమ్మ పక్కన చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

క్యాంపాయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. "ఇదేంటండీ, సముద్రంలా ఉంది?"

"సముద్రం కాదు. నిజాంసాగర్" అన్నాడు మామ. "నిండినప్పుడు గట్లనే ఉంటది."

"మరి ఓడ?"

"ఇంజనీరు దొరది. కట్ట పని చూసెతందుకు గా ఓడలనే తిరుగుతుండె."

"చేప ఓడంత ఉందేంటండీ?"

మూలన కూర్చున్న ఒక ముసలాయన బీడీ ఆర్పి, "ఎన్కట నిజాంసాగర్ల చేపలు గంతంత ఉండేటియి. ఇప్పుడేడియి?" అన్నాడు. గదిలో అందరూ ఇప్పుడేడియి అన్నట్టు నిట్టూర్చారు.

"సముద్రం పక్కన పుట్టి పెరిగిన వాణ్ణండీ నేను" అన్నాడు క్యాంపాయన మెల్లగా. "సముద్రాన్ని చూస్తే నాకు తెలియదా?"

నాకు ప్రాణం లేచి వచ్చింది. లేచి నిలబడి, "ఆయన చెప్పింది నిజం. ఈ ఊళ్ల పేర్లు కూడా ఇక్కడివి కావు" అన్నాను. సొంత మామకు ఎదురు చెప్పానన్న సంగతి నోరు మూశాకే తట్టింది.

మిల్లు ఓనరు ఏమీ కోపగించుకోలేదు. "పేర్లదేమున్నది టీచరమ్మా, మారుతయి. ఇందూరు నిజామాబాద్ కాలేదా?" అన్నాడు. అంతే. నేను చదివిన బి.ఎడ్. ఆ ఒక్క మాట కింద పడి మళ్లీ లేవలేదు. నేను కూర్చున్నాను.

మామ అప్పుడు గులాబి రంగు మీద వేలు పెట్టాడు. "గిది మాది." ఆకుపచ్చ మీద పెట్టాడు. "గిది నీది." రెండింటి నడుమ పసుపు పట్టీ మీద పైనుంచి కిందిదాకా వేలు జరిపాడు. "గిది బాట." ఆ వేలు ఆగిన చోట ఏదో చర్చి బొమ్మ ఉంది. అక్కడ ఆయనకు అత్త గద్దె కనిపించిందని నాకు అర్థమై, కోపం సగం చల్లారింది.

క్యాంపాయన ఆ వేలును చూశాడు, తర్వాత మామ మొహం చూశాడు, తర్వాత గదిలో ఉన్న అందరినీ చూశాడు. ఆ గదిలో ఆయన వైపు మాట్లాడింది నేనొక్కదాన్నే, నేను అవతలి పార్టీ కోడల్ని. "సరేలెండి. నక్షలో ఉంటే కాదనేదేముంది" అన్నాడు. నాటు వేసిన వరిలోనే రాళ్లు పాతించి బాట వదిలాడు.

ఆ తర్వాత మామ నక్షకు ఫ్రేమ్ కట్టించి ముందు గదిలో తగిలించాడు. దసరా నాడు ట్రాక్టరుకు, కొడవళ్లకు పెట్టినట్టే దాని అద్దానికి కూడా పసుపు, కుంకుమ బొట్లు పెట్టేవాడు. ఒకసారి కుంకుమ సరిగ్గా సముద్రం మధ్యలో పడింది. వచ్చినవాళ్లకు గిది నిజాంసాగర్, గిది దొర ఓడ అని చెప్పడం ఇంటి మర్యాదల్లో చేరిపోయింది. నా సొంత పిల్లలు కూడా అలాగే చెప్పడం మొదలుపెట్టాక నేను ఆ గదిలో భూగోళం మాట ఎత్తడం మానేశాను.

చిత్రమేమిటంటే బాట తెరుచుకున్నాక వాళ్లిద్దరికీ స్నేహం కుదిరింది. మామ గద్దె దగ్గర కూర్చుంటే క్యాంపాయన ఒడ్డు మీద కూర్చునేవాడు. నీళ్ల వంతు గురించి రోజూ పోట్లాడుకునేవారు, పోట్లాట అయ్యాక మా ఇంటికొచ్చి చాయ్ తాగేవారు. "నీకు నక్ష చదువుడు రాదు" అని మామ ఏడిపిస్తే, "నాకు ఈతొచ్చండీ, చాలు" అనేవాడు ఆయన.

రెండు వేల సంవత్సరం దాటాక మామకు ఆయాసం పట్టుకుంది. దవాఖానకు పోవడం, రావడం, మళ్లీ పోవడం. ఆ రోజుల్లోనే టీచర్ల ట్రైనింగ్‌కు హైదరాబాదు నుంచి ఒక చరిత్ర ప్రొఫెసరు వచ్చాడు. పాత నక్షల మీదే ఆయన చదువంతా. పదేళ్ల పైన కడుపులో పెట్టుకున్న కసి నాది. భోజనానికి పిలిచాను. నాకంటే పెద్ద డిగ్రీ ఉన్నవాడు వచ్చి, నేను చెప్పిందే చెప్తుంటే వినాలని ఉండింది, ఇందులో దాచేదేముంది. క్యాంపాయన ఆ పూట మామను చూడ్డానికి వచ్చి అక్కడే కూర్చుని ఉంటాడని మాత్రం నేను అనుకోలేదు.

ప్రొఫెసరు గదిలోకి వస్తూనే చెప్పులు విడవడం కూడా మరిచిపోయి గోడ దగ్గరికి నడిచాడు. అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. అది నాలుగు వందల ఏళ్ల నాటిదన్నాడు. ఫ్లాండర్స్ ప్రాంతపు నక్ష అన్నాడు. గీసినాయన ఆ దేశంవాడే, మొదట్లో వేరేవాళ్ల నక్షలకు రంగులు వేసి బతికి, తర్వాత సొంతంగా నక్షలు గీసి గొప్పవాడయ్యాడట. ఊరు పెద్దగా కదలకుండానే, వాళ్లూ వీళ్లూ పంపిన గీతలు, ఉత్తరాలు ముందేసుకుని దేశదేశాల నక్షలు తయారుచేశాడట.

"పోయి చూడకుండనే గీసిండా?" అన్నాడు మామ మంచం మీది నుంచి.

"చాలామటుకు అంతేనండీ."

"అయితే పొలం మొకం చూడకుండ కాగితం రాసే మన పట్వారీ లెక్కనే" అన్నాడు మామ. పెద్దగా ఆశ్చర్యపోలేదు.

ప్రొఫెసరు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ తెలిసినవాళ్లు ఆగరు, ఆ జబ్బు నాకూ ఉంది. పసుపు పట్టీ మీద వేలు పెట్టి, "ఇది చూడండి, రెండు ప్రాంతాల మధ్య సరిహద్దు. రంగు వేసినవాళ్ల దగ్గర కుంచె లావుదై ఉంటుంది, మామూలుగా సన్నగా వెయ్యాల్సింది ఇంత వెడల్పు వేశారు" అన్నాడు.

"బాట కాదా?" అన్నాడు మామ.

"కాదండీ. దీంట్లో బాటలే లేవు. ఇది సరిహద్దు. అంటే గెట్టు."

మామ క్యాంపాయన వైపు చూశాడు. క్యాంపాయన తన చేతిలోని చాయ్ వైపు చూశాడు. పదేళ్లుగా నేను కోరుకున్న గెలుపు ఇదే. గదిలో ఎవరూ నన్ను మెచ్చుకోలేదు, నన్ను నేను మెచ్చుకోవాలని నాకు కూడా అనిపించలేదు.

"అయితే మా పొలం బెల్జియంలో ఉందన్నమాట" అన్నాడు చివరికి క్యాంపాయన. గ్లాసు కింద పెట్టి, "వస్తానండీ, మోటరు వేసొచ్చాను" అని లేచి వెళ్లిపోయాడు. బాట మాట ఎత్తలేదు. అది ఎత్తకపోవడమే మామను దిగులై పట్టుకుంది.

నక్షను మ్యూజియానికి ఇవ్వమని ప్రొఫెసరు బతిమాలాడు. మామ వినలేదు. "గది ఇస్తే బాట ఇచ్చినట్టే" అన్నాడు. ప్రొఫెసరు వెళ్లాక నన్ను పిలిచాడు. తిడతాడనుకున్నాను.

"బిడ్డా, ఇగ బాట మూస్తడా?"

"మూయడు మామా."

"నక్ష అబద్ధమాయె గద. నేనే ఆయన జాగల్నుంచి గుంజుకున్నట్టాయె. మూస్తే ఆయనది తప్పు గాదు." కాసేపు ఊపిరి కూడదీసుకుని, "గా కాలువ కట్ట మీదికెల్లి మాత్రం నన్ను పట్టుకపోకుండ్రి" అన్నాడు.

తర్వాత రోజూ నా భర్తను పొలానికి తరిమేవాడు, రాళ్లు ఉన్నాయా చూసి రమ్మని. ఉన్నాయని చెప్పినా నమ్మేవాడు కాదు. క్యాంపాయన మాత్రం మళ్లీ ఇంటికి రాలేదు. వరి కోతకొచ్చే కాలం, పనులుంటాయి అని మేం అనుకున్నాం. మామ అలా అనుకోలేదు. నేను నోరు మూసుకుని ఆ ప్రొఫెసరుకు భోజనం పెట్టకపోతే ఆ మనిషికి ఇంత ఫికర్, ఇంత దిగులు ఉండేది కాదు కదా అని నా మీద నాకే చిరాకేసేది. ఆ ఏడు కార్తీకంలో ఒక తెల్లవారుజామున, ఇంకా చాయ్ కూడా తాగకుండా మామ పోయాడు.

ట్రాక్టరు ట్రాలీలో కాలువ దాకా తీసుకెళ్లాం. అక్కడి నుంచి భుజాల మీదే. నా భర్త పాడె ముందు నడుస్తూ, కాలువ దగ్గర ఒక్క క్షణం ఆగి నా వైపు చూశాడు. బాట మొదలు కనిపించడం లేదు. పదేళ్లలో అది అసలే సన్నబడింది, ఆ ఏడు వరి ఏపుగా పెరిగి రెండు వైపుల నుంచి వాలి ఉంటుంది. పాడె మోసేవాళ్లు ఇద్దరిద్దరుగా నడవడానికి చోటుండదు. ఉన్నా, ఆయన రానిస్తాడో లేదో తెలియదు. "కట్ట మీదికెల్లి పోదమా?" అని ఎవరో అన్నారు. మా ఇంటాయన జీవితంలో మొదటిసారి గట్లనే అనలేదు.

మలుపు తిరిగాక చూశాం. క్యాంపాయన బాట పక్కన నిలబడి ఉన్నాడు, లుంగీ మోకాళ్ల పైకి కట్టి, చేతిలో కొడవలి. ఆయన వెనక ఇద్దరు కూలీలు. బాట పొడుగునా, ఆయన పొలం వైపు, పండిన వరి బారెడు వెడల్పున గద్దె దాకా కోసేసి ఉంది. పనలు లోపలికి పడేసి ఉన్నాయి. కోసిన మొదళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి, పొద్దున కబురు తెలిసినప్పటి నుంచి కోస్తూనే ఉన్నాడన్నమాట.

పాడె ముందుకు కదిలింది. నేను ఆయన దగ్గర ఆగాను. ఆయన చేతి వెనకతో మొహం తుడుచుకున్నాడు.

"నక్షలో బాట ఇంకా వెడల్పుగా ఉంది కదండీ, టీచర్ గారూ" అన్నాడు. "అప్పుడు నేను సరిగ్గా చూసుకోలేదు."

"అవునండీ" అన్నాను నేను. "చాలా వెడల్పుగా ఉంది."